కారు మిషను చెవి

మొదలైంది శ్రావణమాసం మూడో సోమవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు. ఆ రోజు నాకు ఉపవాసం. ఉపవాసం ఉన్న రోజు గంటలు బాగా గుర్తుంటాయి.

మార్కాపురంలో కంభం రోడ్డు పక్కన మాకొక రేకుల షెడ్డు ఉంది. మా ఆయన ఉన్నన్నాళ్లు అది పలకల కార్ఖానా. రాయిని పలచగా చీల్చి, కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి, డజన్ల లెక్కన కట్టలు కట్టి పంపేవాళ్లం. పని ఆయనది, లెక్క నాది. బడిపిల్లలు పలకలు మానేశారు. తరువాత మా ఆయన పోయారు. షెడ్డుకు తాళం పడింది. తాళం పడిన ఆరో ఏడు, ఆ సోమవారం, దాని ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

అతను నిలబడే తీరు చెప్పాలి. తలుచుకుంటే నాకు ముఖం కంటే ముందు అదే కనపడుతుంది. కుడికాలి మీద బరువంతా వేసి, ఎడమ పాదం కుడి మోకాలికి ఆనించి, కర్ర మీద రెండు చేతులూ, చేతుల మీద గడ్డమూ పెట్టి నిలబడేవాడు. గొర్రెల వెంట తిరిగేవాళ్లు అట్లా గంటలకొద్దీ నిలబడతారు. ఆ రోజు చేతిలో కర్ర లేదు, గొడుగు ఉంది. తరువాత మూడేళ్లూ నేల తుడిచే మాపు ఉండేది. మిషన్లు మోగుతూ, రంగు లైట్లు తిరుగుతూ ఉంటే ఆ మధ్యలో మాపు కర్ర మీద గడ్డం ఆనించి, ఒంటికాలి మీద నిలబడిన మనిషి. బస్సులో ఒకసారి తప్ప అతను కూర్చోవడం నేను చూడలేదు.

మొన్న మంగళవారం పొద్దున ఆరు నలభైకి అతని అక్క ఫోన్ చేసింది.

"వదినా, తమ్ముడు పోయినాడు," అంది. "నువ్వు అన్నీ గుర్తు పెట్టుకుంటావు గదా. అందుకని చెప్తాండా," అంది.

ఎన్ని గంటలకు అని అడిగాను. మూడున్నర అయి ఉంటుంది, ఎవరూ గడియారం చూడలేదు అంది.

పేరు రాయను. ఊళ్లో అందరూ అతన్ని గేములాయన అనేవాళ్లు. అది చాలు.

వాళ్లది బేస్తవారిపేట దగ్గరి పల్లె. గొర్రెలు మేపుకునే కుటుంబం. అతను మాత్రం మందను అక్కకు వదిలి ఇరవై ఏళ్లు తిరునాళ్లలో రింగుల ఆట పెట్టాడు. సబ్బులు, బొమ్మలు, స్టీలు గిన్నెలు వరుసగా పరిచి, మనచేత రింగులు విసిరించే ఆట. షెడ్డు అడగడానికి వచ్చిన ఆ మొదటి రోజే, నేనేమీ అడగకుండానే, అందులో కిటుకు చెప్పేశాడు. రింగు సబ్బు మీద పడుతుంది కానీ దిగదు. సబ్బు కింద పెట్టిన చెక్క, రింగు లోపలి కొలతకు నూలుపోగంత తక్కువ. నిటారుగా పై నుంచి వదిలితేనే దిగుతుంది, విసిరితే దిగదు.

"మోసం గదా నాయనా," అన్నాను.

"మోసం ఎట్లయితాది పెద్దమ్మా? దిగుతాది. నేను దించి చూపిస్తా గదా," అన్నాడు.

పొద్దున్నే మొదట వచ్చినవాడికి రెండు రింగులు ఊరికే ఇచ్చి, దగ్గరికి పిలిచి వేయించి, పెద్ద బొమ్మను గెలిపించేవాడట. ఆ బొమ్మను సంచీలో పెట్టుకోనివ్వడు. చంకలో పెట్టుకొని తిరునాళ్లంతా తిరిగి రమ్మనేవాడు. ఆ ఒక్క బొమ్మకు సాయంత్రం దాకా జనం వస్తూనే ఉంటారట. ఇది చెప్పి నవ్వాడు. నవ్వితే పై వరుసలో ఒక పన్ను లేని సందు కనిపించేది.

ఇప్పుడు తిరునాళ్లకు జనం తగ్గారని, హైదరాబాదులో పాత గేము మిషన్లు అమ్మేవాడు దొరికాడని, ఇంత ఊళ్లో పిల్లల్ని తీసుకొని పోవడానికి ఒక్క చోటు లేదని చెప్పాడు. షెడ్డు అద్దె తొమ్మిది వేలు అన్నాను. బేరం ఆడలేదు. బేరం ఆడని మనిషిని చూస్తే నాకు అనుమానం. అతను లోపలికి పోయి, నాలుగు గోడలూ చూసి, ఒక్కటే అడిగాడు. గోడ మీద మా కార్ఖానా గడియారం ఉంది, దాన్ని తీసెయ్యమన్నాడు.

"అది నడుస్తోందయ్యా. నేనే కీ ఇస్తాను," అన్నాను.

"నడుస్తాంది కాబట్టే పెద్దమ్మా. టైము కనపడితే గొర్రె ఇంటికి పోతాది."

గడియారం మా ఇంట్లోకి వచ్చింది. షెడ్డుకు ఉన్న రెండు కిటికీలకు నల్లరంగు అట్టలు కొట్టాడు. లోపలికి పోతే పొద్దో సాయంత్రమో తెలిసేది కాదు.

విజయదశమి రోజు పది గంటలకు తెరిచాడు. ఎనిమిది మిషన్లు. మొదటి ఆరు నెలలు ఆదివారం సాయంత్రం లోపల కాలు పెట్టే సందు లేదు. తర్లుపాడు నుంచి, గిద్దలూరు నుంచి కూడా పిల్లల్ని వేసుకొని వచ్చేవాళ్లు. నేను ఇంటి వరండాలో కూర్చొని వచ్చేవాళ్లను, పోయేవాళ్లను చూసేదాన్ని. చూసేకొద్దీ నాకు లెక్క అర్థమైంది. అర్థం కానిది అతన్ని అడిగితే దాచకుండా చెప్పేవాడు.

డబ్బులు నేరుగా మిషనులో వేయకూడదు. కార్డు కొనాలి, కార్డులో వేయించాలి. తక్కువలో తక్కువ వంద వేయించాలి. ఒక్కో ఆట ముప్పై. వందకు మూడు ఆటలు, పది మిగులు. ఆ పదితో ఏ ఆటా రాదు. మళ్లీ వంద వేయిస్తే మళ్లీ మూడు ఆటలు, ఇరవై మిగులు. మూడోసారి కూడా వంద వేయిస్తేనే లెక్క సరిపోతుంది. మూడోసారికి ముందే తల్లి పిల్లవాడి చెయ్యి పట్టి బయటకు లాగుతుంది. కార్డు ఇంట్లో ఎక్కడో పడిపోతుంది. కార్డులో మిగిలిన పదులూ ఇరవైలూ ఎవరూ ఆడని ఆటలు. అన్నిటికంటే లాభం వాటిలోనే.

"ఆట ముప్పై ఎందుకు పెట్టినావు? పాతిక పెట్టరాదా, సమంగా పోతుంది," అన్నాను.

"సమంగా పోతే మళ్లా ఎందుకు వస్తారు?" అన్నాడు.

ఆడితే మిషను నోట్లోంచి టికెట్లు వస్తాయి. టికెట్లు పోగుచేసి ఇస్తే బహుమతి. సగటున ఆటకు ఆరు టికెట్లు. రబ్బరు ముక్కకు ముప్పై టికెట్లు. అంటే మూడు రూపాయల రబ్బరుకు నూటయాభై రూపాయల ఆట. అద్దాల బీరువాలో పై అరలో రిమోటు కారు పెట్టాడు, మూడు వేల టికెట్లకు. తొమ్మిది వందలకు కొన్న కారు. ఐదు వందల ఆటలు ఆడాలి, పదిహేను వేలు కట్టాలి. నేను ఆ సంగతి చెబితే ఎంతో ముచ్చటపడ్డాడు, తనకు తెలియక పెట్టినట్టు. ఆ కారు మూడేళ్లూ అక్కడే ఉంది. ప్రతి శుక్రవారం దాన్ని దించి, పై పంచెతో తుడిచి, ముందుచక్రాలు పిల్లల వైపు తిప్పి పెట్టేవాడు.

తల్లులకు కుర్చీలు, కూలరు. "తల్లి పండుకుంటే పిల్ల కదలదు," అనేవాడు. పాప్‌కార్న్‌లో ఉప్పు ఒక పిసరు ఎక్కువ, పక్కనే చల్లటి సీసాలు. బొమ్మలు పట్టే మిషను ఒకటి ఉండేది. గాజుపెట్టెలో బొమ్మల కుప్ప, పై నుంచి మూడువేళ్ల ఇనుప చెయ్యి దిగి బొమ్మను పట్టుకుంటుంది. ఆ పట్టు ఎంత గట్టిగా ఉండాలో వెనక ఒక మీటతో పెట్టుకోవచ్చు. పదకొండుసార్లు వదులుగా, పన్నెండోసారి గట్టిగా పెట్టాడు. వదులు పట్టు కూడా బొమ్మను పైకి లేపుతుంది. అంచు దాకా తెచ్చి అక్కడ జారుస్తుంది.

"గెలవకూడదు. ఓడినట్టుగూడా ఉండకూడదు," అనేవాడు. రోజుకు ఒక్కసారన్నా అనేవాడు.

ఒకరోజు నేను ఊరికే అడిగాను, పిల్లలు ఆడుకునే దానికి ఇన్ని ఎత్తులు ఎందుకు నాయనా అని. మాపు మీద గడ్డం ఆనించుకొనే జవాబు చెప్పాడు.

"మందను రాత్రికి చేలో ఎందుకు నిలబెడ్తారు పెద్దమ్మా? గొర్రె ఏమన్నా పని చేస్తాదా? ఊరికే నిలబడ్తాది. దాని పెంటకు చేనుగలాయన డబ్బులిస్తాడు. ఇదిగూడా అంతే. ఆడేదానికి గాదు డబ్బులు. నిలబడేదానికి."

మనుషుల పిల్లల్ని గొర్రెలంటే నాకు కోపం వచ్చింది. కానీ అది తిట్టు కాదని తరువాత తెలిసింది. అతనికి ప్రపంచంలో ఏది అర్థం కావాలన్నా మందగానే అర్థం కావాలి. సాయంత్రం తలుపు దగ్గర నిలబడి, లోపలికి పోయే పిల్లల్ని జతలు జతలుగా లెక్కపెట్టేవాడు, రెండువేళ్లు ఆడిస్తూ. తోసుకుంటూ ఉంటే నాలుకతో ఒక చప్పుడు చేసేవాడు. అది గొర్రెల్ని అదిలించే చప్పుడు. పిల్లలు నిజంగానే సర్దుకొని పోయేవాళ్లు.

అతని చేటు కూడా అక్కడే ఉంది.

ఎనిమిది మిషన్లలో అతని సొంతం బొమ్మలు పట్టే మిషను ఒక్కటే. మిగతా ఏడూ బంధువులవి. గొర్రెలు లేనివాడికి ఉన్నవాళ్లు కొన్ని గొర్రెల్ని పాలుకు ఇస్తారు. మేపేవాడు మేపుతాడు, పుట్టిన పిల్లల్లో ఇద్దరికీ సగం సగం. తల్లి గొర్రెలు మాత్రం ఇచ్చినవాళ్లవే. ఇతను మిషన్లను అట్లా పాలుకు తీసుకున్నాడు. వెలిగండ్లలో ఉండే బావమరిది ఒక మిషను కొన్నాడు, చిన్నాయన కొడుకు ఒకటి, అట్లా ఏడుగురు. ఒక్కొక్కరు కొన్ని గొర్రెలు అమ్మి, ఒక్కో మిషను కొని ఇతని చేతిలో పెట్టారు. దాని వసూలులో సగం వాళ్లది. రెండో సగంలో అద్దె, కరెంటు, కౌంటరు దగ్గర పిల్లకు జీతం పోగా మిగిలింది ఇతనిది.

అన్నిటికంటే ఖరీదైనది కారు మిషను. సీటు, స్టీరింగు, ఎదురుగా రోడ్డు కనపడే పెద్ద తెర. సెకండుహ్యాండులోనే మూడు లక్షలు. అది వాళ్ల అక్కది. ఆమెకు మొగుడు లేడు, పిల్లలు లేరు, నలభై గొర్రెలున్నాయి. నలభైనీ ఏడున్నర వేల లెక్కన అమ్మింది. తమ్ముడు అడిగాడని అమ్మింది. మూడేళ్లలో నలభైకి నలభై మళ్లీ దొడ్లో నిలబెడతానని, పైన వచ్చేది వేరే అని మాట ఇచ్చాడు.

నేను కార్ఖానా లెక్కలు చూసినదాన్ని. రాయి కోసే రంపానికి కూడా ప్రతి నెలా అరుగుదల కింద కొంత పక్కన పెట్టేవాళ్లం, అది పాడైతే ఇంకొకటి కొనడానికి. మిషన్ల వసూలులో నాలుగో వంతు అట్లా పక్కన పెట్టమని ఇతనికి చెప్పాను. ఎవరికీ పంచవద్దన్నాను. వినలేదు.

"గొర్రె ఏటేటా ఈనుతాది గానీ అరుగుతాదా పెద్దమ్మా?"

"ఇది గొర్రె కాదయ్యా. ఇనుపపెట్టె."

"పాలుకు తెచ్చుకున్న సొమ్ముకు పాలు పంచాల. పక్కన పెట్టుకుంటే దొంగతనం అంటారు మా వాళ్లు," అన్నాడు.

నిజంగానే అంటారు. అందులో అతని తప్పేమీ లేదు. గొర్రెల విషయంలో ఆ నియమం సరైనదే.

తెరిచిన ఐదో నెలలో అక్క తన మిషనును చూసుకోవడానికి వచ్చింది. పొడుగైన మనిషి, కాళ్లకు చెప్పులు లేవు, భుజాన గొంగడి. కారు మిషను చుట్టూ రెండుసార్లు తిరిగింది. వెనక ఉన్న వైర్లు చూసింది. సీటు తట్టింది. పిల్లలు స్టీరింగు గుద్దుతుంటే, మెల్లగా పట్టుకోండ్రా, దాని మెడ నొప్పి పుడుతాది అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. తరువాత చాకు అడిగి తీసుకొని, స్టీరింగుకు తొడిగిన రబ్బరు మీద పక్కపక్కన రెండు గాట్లు పెట్టింది.

"ఏందక్కా అది?" అన్నాడు.

"నా గుర్తు. నా గొర్రెల చెవులకు ఇదే గదా పెట్టేది. ఇన్నిట్లో నాది యాదో తెలియొద్దా?"

అతను చాకు తీసుకున్నాడు. ఆమె ఆ రోజంతా మిషను పక్కన నేల మీదే కూర్చుంది. సాయంత్రం పోయే ముందు అతను ముచ్చటపడి, కార్డు గీకి, బొమ్మలు పట్టే మిషను ఆడమన్నాడు. ఇనుప చెయ్యి దిగింది, ఒక ఎలుగుబంటి బొమ్మను పట్టుకొని పైకి లేచింది, అంచు దాకా వచ్చి జార్చింది. ఆమె మళ్లీ ఆడింది. మళ్లీ జార్చింది. మూడోసారి ఆడమంటే వద్దంది. గాజు మీద చెయ్యి పెట్టి లోపలి ఇనుప చేతిని చూస్తూ నిలబడింది.

"పట్టుకున్నట్టే పట్టుకుంటాంది, ఒడ్డుకొచ్చినాక వదుల్తాంది," అంది. తమ్ముడి వైపు తిరిగి, "దీని గుణం నీ చేతికి రాకూడదురా," అంది.

అతను నవ్వాడు. పన్ను లేని సందు కనిపించింది. ఆ నవ్వు ఇప్పుడు నాకు నచ్చడం లేదు. అప్పుడు నేనూ నవ్వాను.

రెండో ఏడు విజయదశమికి జనం సగానికి తగ్గారు. కారణం వెతకడానికి పెద్ద చదువు అక్కర్లేదు. తిరునాళ్లలో ఇతను ఊరూరూ తిరిగేవాడు, ప్రతి ఊళ్లో కొత్త జనం. ఇక్కడ ఇతను నిలబడ్డాడు, ఆ పిల్లలే రావాలి. అవే ఎనిమిది ఆటలు. పెద్ద ఊళ్లలో ఇట్లాంటి వ్యాపారం చేసేవాళ్లు ఏటేటా పాత మిషన్లు అమ్మేసి కొత్తవి తెస్తారట. ఆ అమ్మేసిన పాతవే హైదరాబాదు మీదుగా ఇతని దగ్గరికి వచ్చాయి. అక్కడ పాతబడిన ఆట ఇక్కడ కొత్తగా ఉన్నన్నాళ్లే వసూలు. ఆ మాట అతనికీ తెలుసు. మేసిన చేలోనే మళ్లీ మందను తోలితే ఏముంటుంది పెద్దమ్మా అని తనే ఒకరోజు అన్నాడు. అని, మళ్లీ మాపు పట్టుకున్నాడు.

వసూలు సగమైంది. అద్దె సగం కాలేదు, కరెంటు బిల్లు సగం కాలేదు. మిషను పాడైతే హైదరాబాదువాడు లోపలి సర్క్యూట్ బోర్డు మార్చి చెప్పిన ధర తీసుకొని పోయేవాడు. ఈ వ్యాపారంలో డబ్బు రాలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వచ్చింది. మిషన్లు అమ్మినవాడికి ముందే వచ్చింది. కార్డుల యంత్రం పెట్టినవాళ్లకు నెలనెలా వచ్చింది. కరెంటువాళ్లకు వచ్చింది. నాకు ప్రతి ఒకటో తేదీ పదకొండు గంటలకు తొమ్మిది వేలూ వచ్చాయి. అన్నీ అయ్యాక మిగిలితే గొర్రెలు అమ్ముకున్నవాళ్లకు. ఆ వరుసలో అందరికంటే చివర అక్క. సొంత అక్క కాబట్టి చివర.

మొదటి ఏడు ఆమెకు నలభై ఎనిమిది వేలు ఇచ్చాడు. రెండో ఏడు ఇరవై ఒక్క వేలు. మూడో ఏడు ఆరున్నర వేలు.

అద్దె తగ్గించమని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే తగ్గించేదాన్నని ఇప్పుడు చెప్పడం తేలిక. అందుకని చెప్పను.

ఒక్కొక్క మిషనూ చచ్చిపోతూ వచ్చింది. చచ్చిపోవడం అన్నది అతని మాటే. పాలుకు తెచ్చుకున్న గొర్రె చస్తే, మేపేవాడు దాని చెవి కోసుకొని పోయి ఇచ్చినవాళ్లకు చూపించాలి. అమ్ముకోలేదు, తినలేదు, చచ్చింది అనడానికి చెవి సాక్ష్యం. చెవి తెచ్చినవాణ్ని ఆ గొర్రె గురించి మళ్లీ ఎవరూ అడగరు. ఇతను ప్రతి మిషనుకూ అట్లాగే చేశాడు. సుత్తి మిషను చస్తే సుత్తి ఊడదీసి వెలిగండ్ల తీసుకొనిపోయి బావమరిది చేతిలో పెట్టాడు. బంతులు వేసే మిషనుకు రింగు. తుపాకి మిషనుకు తుపాకి. బంధువులు తీసుకున్నారు. లోపల ఏమనుకున్నారో, పైకి ఒక్క మాట అనలేదట. చెవి కదా. మిగిలిన ఇనుప డొక్కుల్ని పాత ఇనుమువాడు తూచి తీసుకొనిపోయేవాడు. అవి కరెంటు బిల్లుకు పోయేవి.

ఏడింట్లో చివరిది కారు మిషను. అది మాఘమాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం మూడూ ఇరవైకి ఆగింది. ఒక అమ్మాయి ఆడుతోంది, తెర నల్లబడింది. బాగుచేసేవాడు వచ్చి, ఆ బోర్డు ఇప్పుడు తయారు కావడం లేదన్నాడు. అతను రెండురోజులు దాని పక్కనే ఒంటికాలి మీద నిలబడ్డాడు. మూడోరోజు మా వరండాలోకి వచ్చాడు.

"అక్కకు చెవి ఇచ్చేదానికి పోవాల పెద్దమ్మా. చూసినోళ్లు ఒకరుండాల. నువ్వయితే టైము కూడా చెప్తావు," అన్నాడు.

పోయాను. బేస్తవారిపేట బస్సులో అతను కిటికీ పక్కన కూర్చున్నాడు, ఒడిలో తువ్వాలు చుట్టిన స్టీరింగు. తువ్వాలు జారితే కండక్టరు చూశాడు.

"ఏందన్నా, మా డ్రైవరు మీద నమ్మకం లేదా? స్టీరింగు సొంతంగా తెచ్చుకున్నావే."

బస్సంతా నవ్వింది. "మీదాంట్లో ఉండాదో లేదో అని," అన్నాడు ఇతను. మళ్లీ నవ్వారు. అతను తువ్వాలు సర్ది, స్టీరింగును రెండుచేతులతో పట్టుకొని ఊరొచ్చేదాకా అట్లాగే కూర్చున్నాడు.

అక్క ఇంటి పక్కన ముళ్లకంచె దొడ్డి ఖాళీగా ఉంది. లోపల గడ్డి మొలిచింది. ఒక మూల రెండు మేకలు. ఆమె మంచం వాల్చింది. అతను స్టీరింగును మంచం మీద పెట్టి, పక్కకు జరిగి నిలబడ్డాడు. ఎవరూ ఏమీ చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది.

"నువ్వు చూసినావా వదినా?" అని నన్ను అడిగింది.

రోజు చెప్పాను, గంట చెప్పాను.

"దెబ్బ తగిలిందా, రోగమా?"

"లోపలి రోగమే," అన్నాను. "మందు లేదన్నారు."

ఆమె స్టీరింగును తిప్పి తిప్పి చూసింది. రెండు గాట్లు దొరికాయి. వాటి మీద బొటనవేలు పెట్టి రుద్దింది. "నాదే," అంది. పోయిన నలభై గొర్రెలకు అంతే. అతను ఊపిరి వదలడం నాకు వినపడింది. అయిపోయిందనుకున్నాను.

"తోలేదిరా?" అంది ఆమె.

చెవి సాక్ష్యం మాత్రమేనని నాకు అప్పటిదాకా తెలియదు. చచ్చిన గొర్రె తోలు ఇచ్చినవాళ్లది. తోలన్నా తెచ్చివ్వాలి, లేకుంటే అమ్మిన డబ్బన్నా తెచ్చి చేతిలో పెట్టాలి. మిగతా ఆరుగురూ మిషనుకు తోలు ఏముంటుందిలే అనుకొని అడగలేదు. ఈమె అడిగింది.

"అమ్మినా," అన్నాడు.

"ఎంతకు?"

అతను నా వైపు చూశాడు. కిందటి రోజు సాయంత్రం పాత ఇనుమువాడు మా షెడ్డు ముందే తూచాడు. నేను వరండాలోంచి కాటా చూశాను.

"నాలుగు వేల రెండు వందలు," అన్నాను.

"యాడ పెట్టినావు?"

"అద్దెకు కట్టినా అక్కా."

అది నిజం. ఆ రోజు ఒకటో తేదీ, అద్దెకు అతని దగ్గర సొంతంగా నాలుగు వేల ఎనిమిది వందలే ఉన్నాయి. ఆ పొద్దున పదకొండు గంటలకు నాకు తొమ్మిది వేలూ ఇచ్చి, ఆ తరువాతే మేము బస్సు ఎక్కాము.

ఆమె నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది. లోపలికి పోయి మజ్జిగ తెచ్చి, ముందు నాకు ఇచ్చింది. "తాగు వదినా, ఎండన పడి వచ్చినావు," అంది. తాగాను. తరువాత తమ్ముడితో, గొంతు పెంచకుండా అంది.

"గొర్రెలు పోతే పోయినాయి. చచ్చినదాని తోలు అమ్ముకున్నోనికి మళ్లా ఎవురూ మంద ఇయ్యరు. నీకు తెల్వదా?"

"తెలుసు," అన్నాడు.

వారం లోపల షెడ్డు ఖాళీ చేశాడు. బొమ్మలు పట్టే మిషనును అమ్మి కౌంటరు పిల్లకు బాకీ ఉన్న జీతం ఇచ్చాడు. రిమోటు కారును కిందికి దించి ఎవరికో ఇచ్చాడనుకున్నాను. బీరువాతో పాటే అమ్మాడట. ఆ తరువాత వెలిగండ్ల పోయి, చంద్రశేఖరపురం వైపు పోయి, పాలుకు పది గొర్రెలివ్వమని బంధువుల్ని అడిగాడని విన్నాను. ఎవరూ కాదనలేదట. రేపు చూద్దాం అన్నారట. తోలు సంగతి అతని కంటే ముందే అక్కడికి చేరింది.

చివరికి ఒంగోలులో ఒక పెద్ద గేముల హాలులో పనికి కుదిరాడు. ఒకసారి పని మీద పోయి చూసి వచ్చాను. ముప్పైకి పైగా మిషన్లు, చల్లటి గది, గోడకు గడియారం లేదు. అతను మాపు పట్టుకొని ఉన్నాడు. అక్కడ మాపు తుడవడానికే. గడ్డం ఆనించి నిలబడితే సూపర్‌వైజరు అరుస్తాడని చెప్పాడు. ఇక్కడ ఆట నలభై పెద్దమ్మా, వందకు రెండే, ఇరవై మిగులు, వీళ్లు నాకంటే తెలివైనోళ్లు అన్నాడు. మెచ్చుకుంటూనే అన్నాడు.

జబ్బు పడినాక అక్కే వచ్చి తీసుకొనిపోయింది. ఖాళీ దొడ్డి పక్కన, అదే మంచం మీద నాలుగు నెలలు ఉన్నాడు. ఒంటికాలి మీద కాదు కదా, రెండుకాళ్ల మీద కూడా నిలబడలేకపోయాడని ఆమె ఫోన్లో చెప్పింది. ఆ స్టీరింగు ఇంకా ఉందా అని అడగబోయి మానేశాను.

పోయినవాటి లెక్క ఇది.

గొర్రెలు, అక్కవి నలభై. వాటికి పుట్టవలసిన పిల్లలు, లెక్క కట్టలేదు.

మూడు లక్షలు పెట్టింది. డెబ్భై ఐదు వేల ఐదు వందలు తిరిగి వచ్చాయి. రెండు లక్షల ఇరవై నాలుగు వేల ఐదు వందలు పోయాయి.

ఏడు మిషన్లు. ఏడు ఇళ్లలో ఇచ్చిన మాట.

ఒక మనిషి, మంగళవారం, మూడున్నర కావచ్చు.

చెవులు ఏడు, ఏడూ అందాయి. తోళ్లు ఏడు, ఒక్కటీ అందలేదు. అందులో ఒకటి నాకు చేరింది.